చింతపండు పట్టుకున్న చిలుము

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు మా నాయినకు గజ్జి పట్టింది. శామీర్‌పేటలో మూలికలమ్మే ఒకాయన ఇచ్చిన పొడిని రెండు నెలలు మింగాడు. గజ్జి తగ్గింది గాని వాంతులు మొదలయ్యాయి. చేతులు తిమ్మిరెక్కి, తలకు రుమాలు కూడా నేనే చుట్టాల్సి వచ్చేది.

నాయినను కన్న మా అవ్వా, నేనూ ఆయనను మేడ్చల్‌లో రైలెక్కించి, అల్వాల్ దగ్గరి పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. పొడిలో పాషాణం ఉందనీ, దానికి కొత్తగా ఒక సూది వచ్చిందనీ డాక్టరు చెప్పాడు. పల్లీనూనెలో కలిపిన మందు. కుళ్లిన వెల్లుల్లి వాసన.

"గీ కంపు మందు ఏం జేస్తది బిడ్డా?" అని అవ్వ సూది వేసే నర్సమ్మను అడిగింది.

"ఇత్తడి గిన్నెను చింతపండుతోటి తోముతవు గదా అవ్వా? చింతపండు చిలుమును పట్టుకున్నట్టు, గీ మందు విషాన్ని పట్టుకుంటది."

అవ్వకు ఆ మాట బాగా నచ్చింది. మర్నాడు, రోగుల వాళ్లు వండుకునే రేకుల షెడ్డులో చిక్కగా చింతపండు చారు కాచింది. ఇంట్లో అయితే పులుపు మట్టికుండలోనే కాచేది. యుద్ధకాలంలో తగరం దొరక్క కలాయి పెట్టేవాడు మా ఊరికి రాలేదు. మా ఇత్తడి గిన్నె లోపల తెల్లపూత ఎప్పుడో పోయింది. అక్కడ కుండ లేదు, గిన్నే ఉంది.

"తాగు కొడుకా. సూది ఒక దిక్కు, నేనొక దిక్కు గుంజుతం."

రెండు గుక్కలు తాగి నాయిన మొహం చిట్లించాడు. "చేదుగుందే అమ్మా."

"మందన్నంక చేదే ఉంటది. కండ్లు మూసుకొని తాగు."

అప్పుడే వచ్చిన నర్సమ్మ గిన్నెలోకి తొంగిచూసి, నాయిన చేతిలోని గ్లాసు లాక్కుంది. "గిన్నె మస్తు మెరుస్తాంది అవ్వా. మరి చిలుము యాడికి పోయింది?"

అవ్వ గిన్నెను చూసింది, చారును చూసింది.

"పట్టుకున్నది బయటికి పోవాలె. సూది మందైతే ఒంటికి పోయినప్పుడు మూత్రంల విషాన్ని బయటికి తీసుకపోతది. నీ చారు చిలుమును మళ్ల కడుపులకే తెచ్చింది."

ఆ రోజు అవ్వ అన్నం ముట్టలేదు. మంచం పక్కనే కూర్చుంది. సాయంత్రం నుంచి మాత్రం వార్డంతా వినబడేటట్టు ఒకటే ప్రశ్న: "ఒంటికి పోయినవా కొడుకా?"

"ఊరందరికీ చాటింపెయ్యి ఇగ!"

"ఏస్త. పోయినవా, లేదా?"

ఇప్పటికీ ఇత్తడి తోమినప్పుడు చిలుము కలిసిన పచ్చటి నీళ్లు ఎటు పారుతున్నాయో ఒకసారి చూస్తాను. పట్టుకోవడం సగం పనే.

డాక్టరు ఇంటికి పొమ్మన్న రోజున నాయిన రుమాలు తానే చుట్టుకున్నాడు, వంకరగా. సరిచేయబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యే. గట్లనే ఉండనియ్యి."