రెండు కిటికీల్లో ఒకే సున్నా

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్తలో నేను చింతాద్రిపేటలో ఒక చిన్న ఆఫీసులో ప్రోగ్రాములు రాసేదాన్ని. మోటారు విడిభాగాలు అమ్మే ఒక పెద్ద షాపుకి సరుకు జాబితా నడిపే ప్రోగ్రాము మాది. చిన్నప్పటి నుంచీ నాకు చూపు తక్కువ. సోడాబుడ్డి కళ్లద్దాలు లేకుండా ఎదురుగా ఉన్న మనిషి ముఖం కూడా పోల్చుకోలేను.

నా కంప్యూటర్లో రోజంతా రెండు కిటికీలు తెరిచి ఉండేవి. ఒకటి ఎడిటరు. ప్రోగ్రాము టైపు చేసేది అందులో. రెండోది టెర్మినల్. పక్కగదిలో ఉన్న పెద్ద మిషనుకి పని చెప్పేదీ, అది ఇచ్చే జవాబు చదివేదీ అందులో. ఎడిటర్లో రాసింది టెర్మినల్లో నడిపి చూడటం, తప్పు కనిపిస్తే మళ్లీ ఎడిటర్లోకొచ్చి దిద్దటం. చూపు ఇటూ అటూ తిరుగుతూనే ఉండేది. వరసలు చెదరకూడదు కాబట్టి రెండింట్లోనూ ప్రతి అక్షరమూ ఒకే వెడల్పు గడిలో కూర్చునేది. అంతవరకే పోలిక. అక్షరాల రూపులు మాత్రం వేరు. టెర్మినల్లో సున్నాకి పొట్టలో అడ్డగీత ఉండేది. ఎడిటర్లో సున్నాకి గీత లేదు. అక్కడ ఇంగ్లీషు ఓ అనుకునే గుండ్రటి అక్షరం ఇక్కడికొస్తే సున్నా. చిన్న ఎల్‌కీ ఒకటికీ ఎడిటర్లో తేడానే లేదు.

ఒక నెలలో రెండుసార్లు నేను సరుకు నంబర్లలో సున్నా బదులు ఓ కొట్టాను. రెండోసారి వేలూరుకి పోవలసిన బేరింగులకి బదులు వేరే సైజువి లారీ ఎక్కాయి. షాపాయన ఫోన్లో అరిచిన అరుపులు మా మేనేజరు చెవి దాటి నా బల్ల దాకా వినిపించాయి.

మేనేజరు తమిళాయన. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. “నీ తెలివితో నాకు పేచీ లేదమ్మా. కళ్లతోనే. ఫోన్లు చూసుకునే పని ఒకటి ఖాళీగా ఉంది. అందులో ఉంటే నీకూ కష్టం తగ్గుతుంది” అన్నాడు.

నాకు ఏడుపు వచ్చిన మాట నిజమే. కానీ ఆ క్షణంలో కోపమే ముందు వచ్చింది. “తప్పు నా కళ్లది కాదు సార్. ఒకే అక్షరం రెండు కిటికీల్లో రెండు రకాలుగా ఉంది. రెండింట్లోనూ ఒకే ఫాంటు పెట్టుకుంటాను. రెండు వారాలివ్వండి” అన్నాను.

ఆయన పెన్ను మూత తిప్పుతూ, “సరి, పాప్పోం” అన్నాడు. చూద్దాం అని. అది అవునూ కాదు, కాదూ కాదు.

ఒకే ఫాంటు పెట్టడమంటే రెండు చోట్లా ఒకే పేరు ఎంచుకోవడమే అనుకున్నాను. కూర్చుని చూస్తే టెర్మినల్ జాబితాలో ఉన్న మూడు పేర్లూ ఎడిటర్లో లేవు. ఎడిటర్లో ఉన్నవేవీ టెర్మినల్ చూపించదు. ఇక మిగిలింది ఒకటే దారి. కొత్త ఫాంటు నేనే గీయాలి. ఆఫీసు బీరువాలో ఉన్న ఫ్లాపీల్లో ఫాంట్లు గీసే ప్రోగ్రాము ఒకటి దొరికింది. తెర మీద గళ్లు చూపిస్తుంది. నొక్కిన గడి నల్లబడుతుంది. నా కళ్లకి సరిపోయేలా అడ్డంగా పది గళ్లు, నిలువుగా ఇరవై గళ్లు పెట్టుకుని, మధ్యాహ్నం భోజనం వేళల్లో మొదలుపెట్టాను.

విజయవాడ నుంచి వచ్చి మా ఆఫీసులో చేరిన సీనియర్ ఒకామె ఉండేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. “ఏంటే ఇది, అన్నం మానేసి గళ్లు నింపుతున్నావ్? పెరుగన్నమైనా తిను ముందు” అని తన డబ్బా నా ముందుకి తోసేది. తింటూ గీసేదాన్ని.

ఆదివారం పొద్దున ఇంట్లో గ్రాఫు కాగితాలు పరుచుకుని కూర్చున్నాను. మా ఇల్లు చూలైలో. మా నాయన షాపులకి బోర్డులు రాసేవాడు. మూడు తరాలుగా ఆ ఊళ్లోనే ఉన్నవాళ్లం. ఆయన చేతికి తమిళం, ఇంగ్లీషు, తెలుగు మూడు రాతలూ వచ్చు. ఆ రోజుల్లో కంప్యూటర్లో కోసి అతికించే స్టిక్కరు అక్షరాలు వచ్చి ఆయన పని సగానికి సగం తగ్గింది. కంప్యూటరు మాటెత్తితేనే ముఖం అటు తిప్పుకునేవాడు. అందుకే ఆయనకి చెప్పకుండా మొదలుపెట్టాను.

బ్రష్షులు కడుక్కుని లోపలికి వస్తూ నా కాగితాల దగ్గర ఆగాడు. “ఏందిది పాపా, పుల్లలు పేర్చినట్టుండాది?”

చెప్పాను. మేనేజరు అన్న మాట కూడా చెప్పాను. అది విని చేతులు తుడుచుకోవడం ఆపేశాడు.

“ఫోన్లు ఎత్తే పనా? నువ్వు చదివింది దానికా?” అని నా పక్కన చాప మీద కూర్చున్నాడు. “ఏదీ, ఆ సున్నా చూపించు.”

నేను గీసిన సున్నాలో అడ్డగీత చూసి తల అడ్డంగా ఊపాడు. “గీత వొద్దు. దూరం నించి చూస్తే ఎనిమిది మాదిరి కనపడతాది. నట్టనడుమ ఒక చుక్క పెట్టు. ఒకటికి కింద పీట వెయ్యి, పైన ముక్కు పెట్టు. ఎల్‌కి కింద కొంజం తోక తిప్పు. అప్పుడు ఎవురు ఎవురో తెలస్తాది.”

తర్వాత ఆయన పద్ధతిలో పరీక్ష పెట్టాడు. బోర్డు రాసిన ప్రతిసారీ రోడ్డు దాటి అవతల నిలబడి చూసుకునే అలవాటు ఆయనది. నా అక్షరాలని చార్టు మీద జానెడెత్తున పెద్దవి చేసి, అవే గళ్లతో రాసి, మా గోడకి అంటించాడు. నన్ను వీధి అవతలికి తీసుకెళ్లి కళ్లద్దాలు తీసేయమన్నాడు.

“నాయనా, అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. సుమ్మా చదువు” అన్నాడు. ఊరికే చదివెయ్యమని.

మసకలో తడుముకుంటూ చదివాను. నేను తడబడిన ప్రతి అక్షరాన్నీ ఆయన వెళ్లి దిద్ది వచ్చాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒకటిని ఎల్ అనడం మానేశాను.

ఒక్క డబ్ల్యూ దగ్గరే పేచీ వచ్చింది. “దీనికి పది గళ్లు చాలవు, పన్నెండు ఇయ్యి” అన్నాడు.

“అన్నిటికీ ఒకే వెడల్పు ఉండాలి నాయనా.”

“అదెట్టా కుదరతాది? చేటంత డబ్ల్యూని, పుల్లంత ఐని ఒకే కొలత చాప మీద పండుకోబెడతావా? బోర్డు రాసేవాడు ఎవుడూ అట్ట చెయ్యడు.”

రోజంతా నాకోసం ఎండలో తిరిగిన మనిషితో వాదించలేకపోయాను. రెండు గళ్లే కదా అనిపించింది. పన్నెండే ఇచ్చాను.

వారం మధ్యకల్లా ఫాంటు పూర్తయింది. ఎడిటర్లో అందంగా వచ్చింది. టెర్మినల్లో మాత్రం జాబితాలో దాని పేరే లేదు. మళ్లీ ఎక్కించాను. కంప్యూటరు ఆపి మళ్లీ తెరిచాను. లేదు. మరుసటి రోజూ అంతే. గడువులో ఇక మూడు రోజులు మిగిలాయి. టెలిఫోను ఉన్న బల్ల వైపు చూడకుండా నడిచేదాన్ని.

అక్కే పట్టుకుంది. ఫాంటు ప్రోగ్రాముతో వచ్చిన పుస్తకం ముందేసుకుని చదివి, వేలితో ఒక వాక్యం చూపించింది. “ఇదిగో చూడు. అన్ని అక్షరాలూ ఒకే వెడల్పు ఉంటేనే దీన్ని సమవెడల్పు ఫాంటు కింద లెక్కేస్తుందంట. ఒక్కటి తేడా వచ్చినా టెర్మినల్ దగ్గరికి రానివ్వదు. నీ దాంట్లో ఏదైనా లావుగా ఉందా?”

ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చి నాయనకి చెప్పాను. చెప్పేటప్పుడు ఎంత మెల్లగా చెప్పినా ఆయన ముఖం చిన్నబోయింది. “అంటే నా మాట వినే చెడిందా?” అన్నాడు.

“నీ మాట బోర్డుకి సరే నాయనా. కంప్యూటర్లో గళ్లు కదలవు.”

లేచి బయటికెళ్లిపోయాడు. నేనే డబ్ల్యూని పది గళ్లలో ఇరికించడానికి కూర్చున్నాను. ఎటు గీసినా నాలుగు కాళ్లూ ఒకదానికొకటి అంటుకుని నల్లటి ముద్దయింది. మూడు కాగితాలు చింపాను. నాలుగోది గీస్తుంటే ఆయన తిరిగొచ్చి, నా చేతిలో పెన్సిల్ తీసుకున్నాడు.

“పక్క కాళ్లు ఏటవాలుగా వొద్దు. గోడ మాదిరి నిటారుగా నిలబెట్టు. నడుమది సగం ఎత్తులో ఆపెయ్యి. అప్పుడు దానికి ఊపిరాడతాది.” గళ్లు లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్కటే నింపాడు. పదికి పది. కాగితం దూరంగా పట్టుకుని చూసి, “అందంగా లేదు, గానీ డబ్ల్యూనే” అన్నాడు.

మర్నాడు ఆ అక్షరం దిద్ది ఫాంటు మళ్లీ ఎక్కించాను. టెర్మినల్ జాబితా కిందికి జరిపితే నాలుగో పేరు కనిపించింది. ఎంచుకున్నాను. రెండు కిటికీలూ పక్కపక్కన పెట్టి ఒకే బేరింగు నంబరు రెండింట్లోనూ తెప్పించాను. ఇటు చుక్క ఉన్న సున్నా, అటూ చుక్క ఉన్న సున్నా. నా కళ్లకి మొదటిసారి అవి ఒకే గోడ మీది రాతలా అనిపించాయి. అక్క నా వీపు మీద ఒకటి వేసి, “ఇప్పుడన్నా అన్నం తిను” అంది.

గడువు నాడు మేనేజరు పరీక్ష పెట్టాడు. సరుకు జాబితాలో కొన్ని నంబర్లని కావాలనే చెడగొట్టి, ఎక్కడెక్కడో చెప్పకుండా, వెతకమన్నాడు. వెతికాను. ఆయన చెడగొట్టినవన్నీ దొరికాయి. అవి కాక ఆయన చెడగొట్టనివి రెండు కూడా దొరికాయి. అవి నేను చేరకముందు ఎవరో కొట్టిన తప్పులు. ఆయన ఆ రెండింటినీ వంగి చాలాసేపు చూశాడు. ఫోన్ల పని మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఆ ఆఫీసులో ఆ తర్వాత నాలుగేళ్లు ప్రోగ్రాములే రాశాను.

కొన్నాళ్లకి నాయన మా ఆఫీసు దారిలోనే ఏదో బోర్డు పనికి వచ్చి, మెట్లెక్కి పైకొచ్చాడు. చేతులకి రంగు అలాగే ఉంది. మేనేజరు స్వయంగా కుర్చీ తెచ్చి వేశాడు. నాయన కూర్చోకుండా వెనక్కి నడిచి, గుమ్మం దగ్గర నిలబడి తెరని చూశాడు.

“అన్నీ బాగుండాయి గానీ, ఆ కె కాలు చూడు. కుంటతా ఉండాది.”

కె కాలు కింద ఒక గడి తీసి పక్కన ఒక గడి పెట్టాను. ఫాంటు మళ్లీ ఎక్కించి రెండు కిటికీలూ తెరిచాను. రెండింట్లోనూ కె నిటారుగా నిలబడింది. ఆయన గుమ్మం దగ్గర నుంచే తల ఊపి, ఇంకో అక్షరం కోసం వెతకడం మొదలుపెట్టాడు.