పనికిరానివాటికి పోపో పెట్టిన పేర్లు

నా చిన్నప్పుడు అమెరికాలో, ఫ్రీమాంట్‌లో మా పక్కింట్లో ఒక చైనా అమ్మమ్మ ఉండేది. కాంటనీస్‌లో అమ్మమ్మను పోపో అంటారు. వీధిలో పిల్లలందరికీ ఆమె పోపోనే. స్కూలు వదిలాక, అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా నేను ఆమె గరాజ్‌లో కూర్చునేవాణ్ణి. ఆమె పాత సామాన్లు ఏరుతూ, ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని తిట్టేది. ఆ తిట్లన్నీ వరుస నంబర్లు వేసి నోటుబుక్‌లో రాసుకున్నాను. చెత్త ఏదైనా లాప్‌సాప్. పైకి మెరుస్తూ రెండు రోజుల్లో విరిగేది లౌయే. పనికిమాలిన మనిషి ఫైచాయ్, అంటే పొయ్యిలోకి కూడా పనికిరాని కట్టె. టీవీ ముందు నిద్రపోయే ఆమె అల్లుడు ఫైచాయ్.

ఆ వేసవిలో ఆమె కూతురికి నెలలు నిండకుండానే బాబు పుట్టాడు. వాణ్ణి ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. బతుకుతాడో లేదో డాక్టర్లు చెప్పలేదు. పోపో రోజూ వెళ్లొచ్చి గరాజ్‌లో ఊరికే కూర్చునేది. ఒకరోజు ఫోన్‌లో వాడి ఫోటో చూపించింది. "సో క్యూట్" అన్నాను. ఆమె చప్పున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నో, నో. లాప్‌సాప్."

ఈ మాటను పట్టికలో ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు. ఇండియా నుంచి ఆర్నెల్లకని వచ్చిన మా నాయనమ్మను అడిగాను. ఆవిడ చదువుతున్న బైబిల్ మూసింది.

"మా అన్న పేరేంట్రా?"

"పెంటయ్య తాత."

"వాడికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. వీడైనా దక్కాలని మా అమ్మ పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని, ఆ పేరు పెట్టింది. చెత్తనెవరు ఎత్తుకుపోతార్రా?"

"మనం అవన్నీ నమ్మం కదా నాయనమ్మా?"

"నమ్మం. భయమేస్తే చేస్తాం."

రెండు నెలలకు బాబు ఇంటికొచ్చాడు. నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని చూడటానికి వెళ్లింది. దుప్పటి తొలగించి చూసి, మొహం చిట్లించి, "ఛీ, కోతిపిల్ల" అంది. పోపోకు తెలుగు ముక్క రాదు. అయినా ఆ మొహం చూసి నవ్వింది. అప్పటిదాకా ఎవరికీ ఇవ్వని బాబును తెచ్చి నాయనమ్మ చేతుల్లో పెట్టింది.

ఇప్పుడు నా రూమ్మేట్ వీసా లాటరీ ఫలితాలొచ్చే వారమంతా "వేస్ట్‌రా, రాదులే" అంటూ తిరుగుతున్నాడు. వస్తుందని నేను వాదించను. అది వాడికెంత కావాలో నాకు వినిపిస్తూనే ఉంటుంది.