పగడానికి సున్నపు తేట

మా కోడలు హాల్లో ఒక గాజుపెట్టె పెట్టింది. అందులో ఉప్పునీళ్లు, రెండు చేపలు, ఒక పగడం. పగడమంటే ఉంగరంలో పెట్టుకునేదనే నాకు తెలుసు. ఇది పెరుగుతాదట. విశాఖపట్నంనుంచి గోరంత ముక్క తెచ్చి అరచేయంత చేసింది. పొద్దున్నే చిన్న చిన్న వేళ్లలాంటివి బయటపెడుతుంది.

దానికి సున్నం కావాలి. పెట్టెలో ఆవిరైపోయిన నీళ్ల బదులు సున్నపు తేట పొయ్యాలి. ఒక డబ్బాలో ఫిల్టరు నీళ్లు పోసి సున్నప్పొడి కలిపి, మూతపెట్టి, అడుక్కి దిగేదాకా కదపకూడదు. పైనున్న తేటని సెలైన్ గొట్టంలోంచి చుక్క చుక్కగా వదలాలి. డబ్బా బీరువా మీద, గొట్టం పెట్టెలోకి. ఇంటికొచ్చినవాళ్లు "ఎవరికి బాగోలేదు?" అని అడుగుతారు. పెట్టెకి అంటాను.

కోడలి చెల్లెలికి అనకాపల్లిలో పురుడొచ్చింది. వెళ్తూ ఈ పని నాకప్పగించింది.

"అత్తా, తేట మాత్రమే. అడుగుది వెళ్తే నీళ్లు ఘాటెక్కి పగడం చచ్చిపోద్ది."

"అంత సున్నం పారబొయ్యాలా?"

"పారబొయ్యాలి."

నాకది నచ్చలేదు. అయినా చెప్పినట్టే చేసేను.

మా ముసలాయనకి చెప్పినట్టు చేసే అలవాటు లేదు. ఒకప్పుడు బుచ్చయ్యపేటలో బెల్లం వండేవాడు. మరుగుతున్న చెరుకురసంలో సున్నం బాగా కలియబెట్టి ఒక్కసారే పోసేవాడు. మడ్డి పైకి తేలేది. నేను బజారుకెళ్లొచ్చేసరికి డబ్బా దించి, గిలక్కొట్టి, మళ్లీ పైనపెట్టి, గొట్టం చక్రం పూర్తిగా వదిలేసి కూర్చున్నాడు. పెట్టె మజ్జిగ కుండలా ఉంది. పగడం ముడుచుకుపోయింది.

"ఏటి చేసేవయ్యా?"

"సున్నమంతా అడుగునే ఉండిపోయిందే. ఇన్నాళ్లూ నువ్వు దానికి ఒట్టి నీళ్లు తాగించేవు. బెల్లానికైతే..."

"ఇది బెల్లమా? దించి అచ్చులు పోస్తావా?"

కోడలికి ఫోన్ చేసేను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ముందు గొట్టం తీసెయ్యండత్తా. డ్రమ్ములో ఉప్పునీళ్లు కలిపి ఉంచేను. పెట్టెలోవి కొన్ని తోడేసి, అవి మెల్లగా పొయ్యండి. గాలి మోటారు పెంచండి."

ఆయన తోడేడు. నేను పోసేను.

మర్నాడే కోడలు వచ్చేసింది. పగడం ఒక పక్కంతా తెల్లబడిపోయింది. రెండో పక్కన వేళ్లు ఒకటీ అరా బయటికొస్తన్నాయి. చచ్చిన పక్క కటింగ్ ప్లేరుతో కత్తిరించేసింది. ముసలాయన తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మళ్లీ పెరుగుతాదా?"

"పెరుగుతాది మావా. తేట పోస్తే."

ఇప్పుడు సున్నం ఆయనే కలుపుతాడు. కలిపేక కుర్చీ ఏసుకుని, అడుక్కి దిగేదాకా ఎవరూ కదపకుండా డబ్బాకి కాపలా కూర్చుంటాడు. ఇంట్లో దాన్ని కదిపే మనిషి ఆయనొక్కడే.

అడుగు సున్నం నేను పారబొయ్యడం లేదు. దొడ్డిగోడకి రాస్తన్నాను.