తెగాల్సిన తాడు

కొండబాబుతో మాట్లాడాలంటే ఓపిక కావాలి. మనిషి ఒకచోట కూర్చోడు. మాట మధ్యలో లేచి వెళ్లి, వాకిట్లో పాతిన మేకును మడమతో తోసి చూసి వస్తాడు. మళ్లీ కూర్చుంటాడు. చేతికందిన పురికొస ముక్కను వేళ్లకు చుట్టి లాగుతాడు. తెగితే ఆ కొసలను వెలుతురుకు పెట్టి చూస్తాడు.

"అలాగుండేవోడు కాదండి మా బావ," అంటాడు ఆయన బావమరిది అసిరయ్య. "వల ముందేసుకుని కూకుంటే పొద్దు గూకినా లెగిసేవోడు కాదు. కూతురు గుంట కాలిరిగినకాడి నుంచీ ఇదిగో, కాళ్లల్లో సీమలు పాకినట్టు తిరుగుతన్నాడు."

వాళ్లది భోగాపురానికి తూర్పున, సరుగుడు తోటలు దాటగానే వచ్చే చిన్న పల్లె. కొండబాబు సముద్రం మీద చేపల వేటకు వెళ్తాడు. వేట లేని రోజుల్లో ఊరందరి వలలూ బాగుచేస్తాడు. ఆయన వేసిన ముడి ఊడదని పేరు. తుఫాను వస్తోందని తెలిసి పడవలను పైకి లాగి కట్టేటప్పుడు, ఆఖరి ముడి ఆయన చేతే వేయించుకుంటారు. ఆ పేరే ఆయన కొంప మీదికి తెచ్చింది.

ఆయన ఒక్కగానొక్క కూతురు ఉష, అక్కడి హైస్కూల్లో తొమ్మిదో తరగతి. సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. బ్యాటుతో బంతిని కొట్టి, నాలుగు మూలల్లో ఉన్న బేసులను తొక్కుకుంటూ చుట్టూ పరిగెత్తి వచ్చే ఆట. బేసు అంటే తెల్ల రెగ్జిన్ కుట్టిన చదరపు దిండు లాంటిది. పరిగెత్తే పిల్ల బేసును చేరేలోగా బంతి పట్టుకున్న పిల్ల ఆమెను తాకితే అవుట్. అందుకని చివర్లో నేల మీద జారుతూ, కాలు చాపి బేసును అందుకుంటారు. ఉషకు ఆ జారడం ఎవరూ నేర్పలేదు. "ఇసకలో పుట్టిన పిల్ల కదండీ, దీనికి ఆగడం నేర్పాలి," అనేవారు వ్యాయామం మాస్టారు నరసింగరావు.

ఆ స్కూలు గ్రౌండు కూడా సగం ఇసకే. మేకులు కొట్టినా బేసులు నిలిచేవి కావు. తొక్కిన పిల్ల కింద నుంచి బేసు జారిపోయేది, పిల్ల బోర్లా పడేది. వానాకాలం మొదట్లో మాస్టారు కొండబాబును పిలిచారు.

"పడవ కట్టినట్టు కట్టేయవయ్యా కొండబాబూ. పిల్లలు పడిపోతున్నారు."

కొండబాబు పొంగిపోయాడు. కూతురు ఆడే ఆటలో తన చెయ్యి కూడా పడుతోంది. లోతుగా గొయ్యి తవ్వి సరుగుడు దుంగలు పాతాడు. బేసు నాలుగు మూలలకూ కొత్త నైలాన్ తాడు దూర్చి ఆ దుంగలకు బిగించాడు. అసిరయ్యను రెండు చేతులతో లాగమన్నాడు. అసిరయ్య లాగి లాగి వెనక్కి పడ్డాడు తప్ప బేసు కదల్లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తర్వాత కొన్నాళ్లకే అది జరిగింది. ఉష రెండో బేసుకు జారింది. బేసు కదల్లేదు. దాన్ని తగిలిన పాదం అక్కడే ఆగిపోయింది, ఒళ్లు మాత్రం ముందుకు పోయింది. కొండబాబు ఆ సాయంత్రం గ్రౌండు గోడ దగ్గరే నిలబడి ఉన్నాడు, తన ముళ్లు ఎలా ఉన్నాయో చూసుకుందామని వచ్చి.

"ఎవరో పుల్ల ఇరిసినారనుకున్నానండి," అంటాడు. ఆ మాట అన్నాక తప్పకుండా లేస్తాడు, మేకు దగ్గరికి వెళ్లి వస్తాడు.

విజయనగరంలో చీలమండకు కట్టు వేయించి ఆటోలో తిరిగి వస్తున్నారు. ఉష కాలు తల్లి ఒడిలో ఉంది. తల్లి గున్నమ్మ చేపలమ్మే మనిషి, ఊరుకునే నోరు కాదు. ఆటో నాతవలస దాటింది.

"మావా, వల రాయికి ఏ తాడు కడతావు?" అంది ఉన్నట్టుండి.

"ఇప్పుడేటే ఆ మాట?"

"సెప్పు. ఏ తాడు?"

"సచ్చు తాడే."

"ఎందుకు?"

వేటకు వెళ్లే ఇళ్లల్లో అది తెలియని వాళ్లుండరు. అడుగున పరిచే వలకు బరువు కోసం రాళ్లు కడతారు. ఆ రాయిని మాత్రం కావాలనే పాత తాడుతో కడతారు. రాయి ఎక్కడైనా బండల్లో ఇరుక్కుంటే తాడు పుటుక్కున తెగి రాయి పోతుంది, వల చిరగకుండా పైకి వస్తుంది.

"వల సిరగకూడదని రాయికి సచ్చు తాడు కట్టినోడివి," అంది గున్నమ్మ, "పిల్లకాడికొచ్చీసరికి పడవ ముడేసినావు. మంచోడివే మావా."

ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్న అసిరయ్య వెనక్కి తిరగలేదు. ఆటో దిగాక కొండబాబు ఇంట్లోకి పోలేదు. కత్తి తీసుకుని తిన్నగా గ్రౌండుకు పోయి, కట్టిన తాళ్లన్నీ కోసేశాడు. నరసింగరావు మాస్టారు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నారు. "కట్టమన్నది నేనయ్యా. నన్ను తిట్టు," అన్నారు. కొండబాబు తెగిన తాళ్లు చంకన పెట్టుకుని వచ్చేశాడు.

ఇంట్లో గున్నమ్మ మాట ఖాయం. ఇంక ఆటా లేదు, గీటా లేదు. ఉష కట్టు ఉన్న కాలు మంచం మీద చాపుకుని, బంతిని గోడకేసి కొడుతూ, తిరిగొస్తే పట్టుకుంటూ ఉండేది. పొద్దస్తమానం అదే చప్పుడు. ఆ చప్పుడు ఆగితే కొండబాబుకు ఇంకా భయం, ఏడుస్తోందేమోనని. కట్టు విప్పాక డాక్టరు పరిగెత్తవచ్చన్నాడు. కార్తీకంలో విజయనగరంలో జిల్లా సెలెక్షన్లు.

"అమ్మా, ఒక్కసారి ఎల్తానే," అంది ఉష.

"ఆ బేసులు అక్కడున్నంతకాలం నువ్వెల్లవు," అంది గున్నమ్మ.

కొండబాబు ఆ మాటలో ఒక సందు చూశాడు. బేసే మారితే?

మొదట ఎండకు చివికిన పాత వల దారంతో కట్టాడు. అసిరయ్య చేత జారించాడు. అసిరయ్య లుంగీ ఎగ్గట్టి పరిగెత్తి, సగం దూరంలోనే కూలబడి, పిర్రలతో బేసును చేరాడు. దారం తెగింది. ఒడ్డున వలలు ఆరబెట్టుకునే వాళ్లు పనులు మానేసి చూస్తున్నారు.

"ఒరే అసిరిగా, జిల్లా టీములో నిన్నే తీసుకుంటార్రా!"

"నవ్వండి, నవ్వండి. మీ గుంటలు కూడా రేపక్కడే ఆడతారు," అన్నాడు అసిరయ్య ఇసక దులుపుకుంటూ.

మర్నాడు గ్రౌండులో పెడితే, మొదటి పిల్ల బేసును ఊరికే తొక్కగానే దారం తెగి బేసు జారింది. తులసి అనే ఆ పిల్ల గడ్డం గీరుకుపోయింది. మాస్టారు తెగిన దారం చేతిలోకి తీసుకున్నారు. "జారి తగిలితే ఊడాలి, తొక్కితే ఊడకూడదు. ఈ రెండూ కావాలి మనకి. తాడొక్కటే ఏం చేస్తుంది కొండబాబూ?" అన్నారు.

దాంతో కొండబాబు తిరుగుడు ఇంకా ఎక్కువైంది. బజారులో నడుస్తూ రాళ్లను తన్నేవాడు, ఏది దొర్లుతుందో ఏది నిలుస్తుందో చూసేవాడు. పడవ మీద కూడా కాలి కింద చెక్కను తోసేవాడు. "బావా, మునిగిపోతాం, ఆపు," అనేవాడు అసిరయ్య.

మాస్టారు కూడా ఊరుకోలేదు. దెబ్బ తగిలితే ఊడిపోయే బేసులు బయటి దేశాల్లో ఉన్నాయని ఫోనులో వీడియో వెతికి తెచ్చారు. ఇద్దరూ అరుగు మీద ఆ ఫోనును మధ్యలో పెట్టుకుని, ఆపి ఆపి చూశారు. బేసు అడుగున ఇంకో పలక నేలలోకి దిగి ఉంది. "అదేటది, కింద నల్లగా?" అన్నాడు కొండబాబు. "రబ్బరు లాగుంది," అన్నారు మాస్టారు. ఆయనే హైవే మీద పంక్చర్ల షాపుకు పోయి పాత లారీ టైరు రబ్బరు తెచ్చారు. దాన్ని నేలకు సమంగా పాతి, పైన బేసును పెడితే, తొక్కినప్పుడు బరువు కిందికి పడి రబ్బరు పట్టుకుంటుంది. పక్క నుంచి వచ్చే దెబ్బకు మాత్రం తాడొక్కటే అడ్డం. బేసు లోపలి కొబ్బరిపీచు కూడా కొంత తీసేసి పలచన చేశారు, అంచులు ఏటవాలుగా కుట్టారు.

మిగిలింది తాడే. అసిరయ్య బరువుకు తెగిన తాడు ఉష బరువుకు తెగుతుందా? అది చూడాలంటే ఉషే జారాలి. ఆ మాట అనడానికి కొండబాబుకు నోరు రాలేదు. బదులుగా ఉషను చేపలు తూచే కాటా మీద కూర్చోబెట్టాడు.

"అదేటి, పిల్లని సేపనుకున్నావేటి?" గున్నమ్మ గంప దించుతూ కేకేసింది.

"వంజరం కన్నా బరువుందే అప్పా," అన్నాడు అసిరయ్య అక్కతో.

"నోర్మూసుకో మావా," అంది ఉష నవ్వుతూ. ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వు విని చాలా రోజులైంది.

అంత బరువుకూ తడి ఇసకను వల సంచిలో నింపి, మూడు సరుగుడు వాసాల మధ్య ఉయ్యాలలా వేలాడదీశాడు. సంచి ముందు ఉష పాత బూటు కట్టాడు. బూటులో ఎండు సరుగుడు పుల్ల దూర్చాడు, కాలి ఎముక లెక్కన. సంచిని వెనక్కి లాగి వదిలితే బూటు వచ్చి బేసును గుద్దుతుంది. తాడు ముందు తెగాలి. పుల్ల ముందు విరిగితే అది కూతురి కాలే.

పుల్లలు విరిగాయి. నైలానుకు విరిగాయి, వల దారం మూడు పేటలకు విరిగాయి. టప్. చేపలు బాగుచేస్తూ గడప మీద కూర్చున్న గున్నమ్మ, ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా భుజాలు ముడుచుకునేది. పాత వల దారంతో ఒకసారి తెగింది, అదే దారంతో మరోసారి తెగలేదు. ఎండ ఎక్కడ ఎంత తిన్నదో దానికి లెక్క లేదు. కొండబాబు దాన్ని విసిరికొట్టి, గోనెసంచులు కుట్టే పురికొసకు వచ్చాడు. సన్నగా ఒక పేట వేస్తే పిల్లి తగిలినా తెగింది. రెండు పేటలు వేసి సంచి వదిలాడు.

బేసు ఎగిరి అవతల పడింది. పుల్ల నిలిచింది.

మళ్లీ కట్టాడు. మళ్లీ నిలిచింది. గున్నమ్మ చేతులు చీరకు తుడుచుకుని వచ్చింది. బూటులోంచి పుల్లను లాగి, రెండు చేతులా పట్టుకుని వంచింది. టప్‌మని విరిగింది.

"ఏటే అది?" అన్నాడు కొండబాబు.

"పచ్చి పుల్ల పెట్టినావేమోనని." విరిగిన ముక్కలు కింద పడేసింది. "ఒక్క ఆట. నాను సూస్తాను. ఆ తరవాతే సెలెక్షన్లు."

ఆ ఆట పక్క మండలం స్కూలు పిల్లలతో పెట్టారు. బేసు తగిలాక ఊడితే ఆ పిల్ల సేఫేనని, రూలు పుస్తకం ఒప్పుతుందని, మాస్టారు అంపైరుకు ముందే చెప్పి ఉంచారు. సెలెక్షన్లకూ ఈ బేసులే తెస్తామని జిల్లా వాళ్లను ఒప్పించారు. గున్నమ్మ ఖాళీ గంప పక్కన పెట్టుకుని గోడ అవతల నిలబడింది. కొండబాబు మెడలో పురికొస ఉండ వేసుకుని గీత పక్కన అటూ ఇటూ తిరుగుతున్నాడు. పొద్దున మంచు పడింది, పురికొస తడిస్తే ఎలా ఉంటుందో చూసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. వెళ్లి ముళ్లన్నీ ఇంకోసారి వేళ్లతో తడిమి వచ్చాడు.

ఉష మొదటిసారి రెండో బేసు వైపు పరిగెత్తింది. జారాల్సిన చోట కాళ్లు బిగిశాయి. నిలబడే వెళ్లింది. బంతి ముందే చేరింది. అవుట్. తల వంచుకుని తండ్రి పక్క నుంచి నడిచింది.

"తాడు తెగుతాదే తల్లీ," అన్నాడు.

"నాకు తెలుసయ్యా. కాళ్లకే తెలీలేదు."

కొండబాబుకు ఇంక చేసేదేమీ లేకపోయింది. అంతకన్నా కష్టం ఆయనకు ఇంకోటి లేదు. కట్టడానికి తాడు లేదు, పాతడానికి మేకు లేదు. మెడలోని ఉండను విప్పి చుట్టాడు, చుట్టి విప్పాడు.

ఉష వంతు మళ్లీ వచ్చేసరికి ఎండ దిగుతోంది. మొదటి బేసు మీద ఉంది. బంతి విసరగానే కదిలింది. రెండో బేసు దగ్గర అవతలి పిల్ల చెయ్యి చాపి బంతి కోసం కాచుకుని ఉంది. కొండబాబు కళ్లు మూసుకోలేదు, చెవులు మూసుకున్నాడు. ఉష ఎడమ కాలు మడిచి, ఆనాడు విరిగిన కుడి కాలు చాపి, ఇసకలోకి పడిపోయింది. దుమ్ము లేచింది. తెల్ల బేసు దుమ్ములోంచి బయటికి గెంతి, దొర్లి, బోర్లా పడింది.

"బేసు ఊడిపోనాది! అవుటు సార్, అవుటు!" అవతలి పిల్లలు అరిచారు.

అంపైరు రెండు చేతులూ పక్కలకు చాపాడు. సేఫ్.

ఉష లేవలేదు. గోడ అవతల గున్నమ్మ గంప దొర్లింది. ఆవిడ గోడ ఎక్కేసి వస్తోంది.

"ఏటిరిగినాదే? ఉషా! ఏటిరిగినాదే?"

ఉష కూర్చుని పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. ఇసక పట్టిన ముఖం ఎత్తింది.

"ఏటీ ఇరగనేదే అమ్మా. తాడు తెగినాది."

అప్పటికే కొండబాబు గ్రౌండులో ఉన్నాడు. కూతురి వైపు ఒక్కసారి చూసి, మోకాళ్ల మీద కూలబడి, తెగిన కొసలు లాగేసి, పురికొస నోట కరుచుకుని రెండు పేటలు వేస్తున్నాడు. ఆట ఆగి ఉంది. పిల్లలు చుట్టూ మూగారు. "మావా, బేగి కట్టు, పొద్దు గూకిపోతన్నాది," అంటున్నారు. ఆయన వేళ్లు అలవాటు కొద్దీ మూడో పేట కూడా వేయబోయాయి.

"మావా," అంది గున్నమ్మ పక్కనే నిలబడి, రొప్పుతూ. "గట్టిగా కట్టేయగలవు. సూసుకో."

మూడో పేట విప్పాడు. రెండింటితో ఆపి, లేచి, వెళ్లి మూడో బేసు తాళ్లు తడమసాగాడు.