ఇద్దరూ మూడో తరగతే

మాది పిడుగురాళ్లలో దూది ఏకి పరుపులు కుట్టుకునే ఇల్లు. సాయిబులమే, కానీ మా అత్తగారు నన్ను తిట్టినా, మనవరాళ్లకి జోల పాడినా తెలుగులోనే. మా ఇంటా వంటా ఉర్దూ లేదు.

తొంభైల చివర్లో మా వీధి బడిలో మూడో తరగతి నుంచి ఉర్దూ మీడియం తెరిచారు. తెరిచారు సరే, పిల్లలేరీ? హెడ్మాస్టరుగారు పేర్లు చూసి ఏరారు. మా పెద్దమ్మాయి ఆ గదిలోకి పోయింది. చిన్నది ఇంకా రెండులో ఉంది కాబట్టి బతికిపోయింది.

పని వదిలేసి బడికి పరుగెత్తాను.

“మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ రాదండీ.”

“మీ మాతృభాష మీకు రాకపోవడమేంటమ్మా! మాతృభాషలో చదివితేనే పిల్లలు పైకొస్తారు.”

“నేనూ అదేగా చెబుతున్నానండీ!”

ఆయన తల ఊపి, రిజిస్టరు మూసి, టీ తెప్పించుకున్నారు. ఔనంటూనే వినిపించుకోని మనిషితో ఎవరు వేగుతారు?

మసీదు దగ్గర పెద్దాయనకి మొరపెట్టుకుంటే ఆయన ఇంకో ఆకు ఎక్కువే చదివారు. “మన భాష ఊరికే చెబుతుంటే వద్దంటావేంటమ్మా?” అన్నారు, శుభ్రమైన తెలుగులో. ఆయన మనవళ్లు మాత్రం కాన్వెంటుకి వెళ్లేవారు.

ఉర్దూ మాస్టారు మంచివారే. పిల్లలకి ఒక్క ముక్క అర్థం కాక, పాఠమంతా తెలుగులో చెప్పి పరీక్ష ఉర్దూలో పెట్టేవారు. ఆయన మాత్రం ఏం చేస్తారు పాపం!

అంతకుముందు నేను పరుపు కుడుతుంటే పక్కన చేరి ప్రశ్నలతో నా ప్రాణం తీసేది పిల్ల. ఇప్పుడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేది. “ఏముందే అందులో?” అంటే, “తెలీదమ్మా” అనేది. చెబుదామంటే నాకూ రాదాయె. ఒళ్లు మండిపోయేది.

ఏడాది పొడుగునా ఆ బడి చుట్టూ తిరిగాను. “పిల్లలు తగ్గితే సెక్షన్ ఎత్తేస్తారమ్మా” అనేవారు హెడ్మాస్టరుగారు. పిల్ల చదువు ఎత్తిపోతున్న సంగతి ఆయనకి పట్టలేదు. చివరికి జూన్‌లో తెలుగులోకి మార్చారు.

“తెలుగులో మూడు చదవలేదుగా, మళ్లీ మూడే. ఒక్క ఏడాదికి కొంపలేం మునిగిపోవులేమ్మా” అన్నారు.

చిన్నదాన్ని ఉర్దూలో వెయ్యనివ్వలేదు నేను; అదీ అప్పుడే తెలుగు మూడుకొచ్చింది. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే గోనెపట్టా మీద కూర్చునేవారు. కొద్దిరోజులకే చిన్నది అక్కా అనడం మానేసి పేరు పెట్టి పిలవసాగింది. వీపు మీద ఒకటి వేశాను.

“క్లాసులో అందరూ పేరు పెట్టే పిలుస్తారు” అని ఏడ్చింది.

పెద్దది చెల్లెలి కళ్లు తుడిచి నా వైపు తిరిగింది.

“కొట్టకమ్మా. ఇద్దరం మూడేగా.”