రొట్టెలు కొట్టే భుజం

నా భుజం ఏదైనా ఘనమైన కారణంతో తెగి ఉంటే పదిమందికీ చెప్పుకోవడానికి బాగుండేది. కనీసం బస్సెక్కుతూ జారిపడినా ఒక మర్యాద ఉండేది. నాది బగోనా వల్ల తెగింది. ఇంట్లో దావత్ ఉందని సజ్జ మీద బోర్లించిన పెద్ద బగోనా దించుతున్నాను. సగం గల్లీకి అన్నం వండగలిగినంత గిన్నె అది. స్టూలు మీద నిలబడి లాగేసరికి జారింది. వదిలేస్తే సరిపోయేది. కానీ అది మా అత్తగారి బగోనా. దానికి సొట్ట పడితే ఆ సొట్ట గురించి నేను పోయేదాకా వినాలి, బహుశా పోయాక కూడా. అందుకని కుడిచేత్తో అంచు దొరకబుచ్చుకుని గాల్లోనే ఆపాను. భుజం లోపల పాత గుడ్డ చిరిగినట్టు అనిపించింది. నా కేక విని ఇంట్లో వాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. వచ్చి బగోనాను అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఏం కాలే, మంచిగనే ఉంది” అన్నాడు మా ఆయన.

నా గురించే అన్నాడని ఒక క్షణం అనుకున్నాను.

జహీరాబాద్‌లో ఎవరికైనా దెబ్బ తగిలితే అది ఒక్క మనిషి సొంతం కాదు. చుట్టాలు, పక్కింటివాళ్లు, మా ఆయన దగ్గర అల్లం కొనే వ్యాపారులు, అందరూ వచ్చి చూసిపోయారు. ఎవరొచ్చినా చాయ్ కంటే ముందు అడిగేది ఒకటే.

“ఏది, జర లేపు, చూస్త.”

లేపితే నొప్పి అని చెప్పాక కూడా లేపమనేవారు. లేపేదాన్ని. చెయ్యి ఛాతీ దాకా వచ్చి అక్కడ ఆగిపోయేది. “అయ్యో, గంతేనా” అని వాళ్లు తమ చెయ్యి నిటారుగా పైకెత్తి, అసలు ఎక్కడిదాకా లేవాలో నాకు చూపించేవారు. నలభై ఎనిమిదేళ్లు రెండు చేతులతో బతికినదాన్ని, ఆ సంగతి మరిచిపోయి ఉంటానని కాబోలు. తర్వాత వైద్యం చెప్పేవారు. వేడి ఇటుక కాపడం, పసుపూ సున్నం పట్టు, వాము నూనె. ఒకాయన ఒంటె పాలన్నాడు. ఒంటె ఎక్కడుందని అడిగితే అది నువ్వు చూసుకోవాలన్నట్టు చూశాడు.

మా పట్టణంలో కట్లు కట్టే పహిల్వాన్ దగ్గరికి కూడా తీసుకెళ్లారు. ఆయన నా చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, “నరం మీద నరమెక్కింది” అని తేల్చాడు. దించుతానని ఒక తిప్పు తిప్పాడు. ఆ నరం దిగిందో లేదో తెలియదు గానీ, నా అరుపుకు బయట వరసలో కూర్చున్న ఇద్దరు లేచి వెళ్లిపోయారు. వాళ్లకు మాత్రం అక్కడికక్కడే నయమైంది.

చివరికి హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానకు వెళ్లాం. స్కానింగ్ చూసి డాక్టర్ అర్థమయ్యేలా చెప్పాడు. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు లాంటిది చిరిగిందట. కొంతమందికి సరైన వ్యాయామంతో చెయ్యి పనికొస్తుందట. మూడు నెలలు చేసి చూడమన్నాడు. అప్పటికీ నయం కాకపోతే చిన్న చిన్న రంధ్రాలు పెట్టి కుట్టాలి. కుట్టాక ఆరు వారాలు చెయ్యి జోలెలో ఉండాలి. పూర్తిగా వాడుకలోకి రావడానికి ఆరునెలలు పట్టొచ్చు. ఇది విని మా ఆయన చాలా గంభీరంగా ఒక ప్రశ్న అడిగాడు.

“మరి చేతితోని పని ఎప్పటిసంది చేసుకోవచ్చు సార్?”

నా గురించి ఇంత దూరం ఆలోచించాడని నాకు నిజంగానే ఆయన మీద ప్రేమ పుట్టింది. తిరుగు ప్రయాణంలో సదాశివపేట దాటాక, “ఆరు వారాలంటె రొట్టెలెట్ల మరి?” అన్నాడు. పుట్టిన ప్రేమ అక్కడే బస్సు దిగి వెళ్లిపోయింది.

మా వైపు సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. మాకు అన్నం తినడం వేరు, బువ్వ తినడం వేరు. జొన్నరొట్టె లేకుండా ఎంత తిన్నా అది నాస్తా కిందే లెక్క. జొన్నరొట్టె చపాతీలాగా కర్రతో ఒత్తితే అయ్యేది కాదు. వేడినీళ్లతో పిండి కలిపి, అరచేతి మొదలుతో పిసికి, పీట మీద పెట్టి అరచేత్తో కొడుతూ తిప్పాలి. ఆ చప్పుడు ఆగితే పక్కింటివాళ్లు ఊరెళ్లారా అని అడుగుతారు. మా చౌరస్తాలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు పొయ్యి పెట్టి అవే రొట్టెలు చేసి అమ్ముతారు. ఈ విషయం మా ఆయనకు చెబితే, పక్క దేశం సంగతి విన్నంత ఆశ్చర్యపోయాడు. “అమ్మ బయటి రొట్టె తినదు” అన్నాడు. అమ్మ హాయిగా తింది. మిగిల్చిన వాడు కొడుకే.

ఇక వ్యాయామం సంగతి. డాక్టర్ ఇచ్చిన కాగితంలో బొమ్మలున్నాయి. కర్ర పట్టుకుని చెయ్యి నెమ్మదిగా ఊపడం, గోడ మీద వేళ్లతో పాకించడం. నడింట్లో కర్రతో ఊగుతున్న నన్ను మా అత్తమ్మ కొంతసేపు చూసింది.

“గదేందే, కోళ్లను కొడుతున్నట్టు?”

“కసరత్తు అత్తమ్మా. డాక్టర్ చెప్పిండు.”

“కసరత్తంటె ఏంది, చెయ్యి ఆడిచ్చుడే గద! రొట్టెలు కొట్టుడు కంటె పెద్ద కసరత్తున్నదా? పిసుకుడు, కొట్టుడు, తిప్పుడు. ఇంట్ల పనీ అయితది, చెయ్యీ సాగుతది.”

ఇంత చక్కటి వైద్య సిద్ధాంతం మా ఆయన జన్మలో విని ఉండడు. “అవు, అమ్మ చెప్పింది కరెక్టే” అన్నాడు. మర్నాటి నుంచి నా చికిత్స మొదలైంది. పొద్దున ఒక వాయి, రాత్రి ఒక వాయి. ఎడమచేత్తో కొట్టి, కుడిచేత్తో ఊరికే ఆనించేదాన్ని. రొట్టె ఒకవైపు అట్టలా, ఒకవైపు అప్పడంలా వచ్చేది. నొప్పితో నా కళ్లలో నీళ్లు తిరిగితే, “జర ఓపిక పట్టు, సాగుతున్నట్టుంది” అనేవాడు ఆయన, రెండో రొట్టె తుంచుకుంటూ.

ఆపరేషన్ మాట ఎత్తితే మా ఇంట్లో క్యాలెండర్ గోడ దిగేది. కోహీర్‌లో ఆడపడుచు వాళ్లింట్లో పెళ్లుంది, అదయ్యాక. చెరకు కొడతారు, కూలోళ్లకు బువ్వ పంపాలి, అదయ్యాక. అల్లం తవ్వాలి, అదయ్యాక. మా ఇంట్లో బోరు వేయడానికి ముహూర్తం దొరికింది, కొత్త బండికి దొరికింది. నా భుజానికి మటుకు సంవత్సరమంతా మూఢమే.

అట్లాగని తప్పంతా వాళ్ల మీదికే తోసేస్తే నాకే నవ్వొస్తుంది. వాయిదాలు నాకూ సుఖంగానే ఉన్నాయి. నాకు భయం. రాయికోడ్‌లో ఒక చుట్టం భుజం కుట్టించుకుంటే చెయ్యి బిగుసుకుపోయి, ఉన్నది కూడా పోయిందని విన్నాను. ఫోన్‌లో వీడియోలు చూశాను. ఒకాయన ఆపరేషన్ చేయించుకుని ఈత కొడుతున్నాడు. ఇంకొకాయన చేయించుకోకుండానే కొడుతున్నాడు. నాకెట్లాగూ ఈత రాదు. కుట్టించుకుంటే ఏమవుతుందో తెలియదు, ఊరుకుంటే ఏమవుతుందో తెలియదు. ఊరుకోవడానికి మత్తుమందు అక్కర్లేదు కాబట్టి ఊరుకున్నాను.

కోహీర్ పెళ్లిరోజు పొద్దున గదిలో రవిక తొడుక్కుంటున్నాను. ఎడమచెయ్యి దూర్చాను. కుడిచెయ్యి వెనక్కి పోదు. రవిక సగంలో నిలిచిపోయింది, ముందుకూ రాదు, వెనక్కూ పోదు. బయట బండి హారన్ కొడుతోంది. అద్దంలో నన్ను నేను చూసుకుంటే ఒళ్లు మండింది. తలుపు తోసుకుని అత్తమ్మ వచ్చింది.

“ఇప్పు. మొత్తం ఇప్పు” అంది. “ముందుగాల నొచ్చే చెయ్యి తొడగాలె. మంచి చెయ్యి ఎనక తొడగాలె.”

విప్పి ఆమె చెప్పినట్టే చేశాను. ఎక్కేసింది.

“జుట్టు దువ్వుకోను మోచెయ్యి కిటికీ మీద ఆనిచ్చు. చెయ్యి లేపకు, తలకాయే దించు. చెయ్యి కాడికి తలకాయే రావాలె.”

అట్లాగే వంగాను. చెయ్యి తలకు అందింది. డాక్టర్ కాగితంలో ఇవేవీ లేవు.

“నీకెట్ల తెలుసు అత్తమ్మా?”

“నాదెప్పుడో పోయింది గద” అంది, బగోనా మూత పోయిందన్నంత తేలిగ్గా. “చెరకు మోపు ఎత్తుతుంటే పటుక్కుమన్నది. అప్పటిసంది గిది గింతే.”

“ఎవరికి చెప్పినవ్?”

“ఎవ్వలకు చెప్పాలె?”

నేను ఈ ఇంటికొచ్చి పాతికేళ్లు దాటింది. వచ్చిన మర్నాటి నుంచి ఆమెకు తల దువ్వి కొప్పు వేసేది నేను. సజ్జ మీది డబ్బా దించేది నేను, దండెం మీద ఆమె చీర ఆరేసేది నేను. “గది తియ్యి, గిది పెట్టు” అని పీట మీద కూర్చుని ఆమె చేసిన పెత్తనాన్ని నేను రోజూ మనసులో తిట్టుకున్నాను. ఆ పెత్తనంలో సగం భుజమేనని అప్పుడు తెలిసింది. తిట్టినవి వెనక్కి తీసుకోలేదు. ఒక్కమాట చెబితే ఏం పోయింది? చెయ్యి లేవదు అనడం కంటే గయ్యాళి అనిపించుకోవడమే నయమనుకుందా ఈ మనిషి? నాకు జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

ఆమె మాత్రం ఆ భుజాన్ని నా మీదికి సాక్ష్యంగా తెచ్చింది. “నేను కోయిచ్చుకున్ననా? సచ్చిపోయిన్నా? కొడుకులను సాదలేదా? నీకెందుకే కోతలు” అంది. ఊరుకుంటే ఏమవుతుందో తెలియదని ఇన్నాళ్లూ అనుకున్నాను కదా, అది నా ఎదురుగానే నిలబడి నా కుచ్చిళ్లు సర్దుతోంది, ఎడమచేత్తో.

మూడు నెలలకు మళ్లీ హైదరాబాద్ వెళ్లాం. ఈసారి అత్తమ్మ కూడా బయల్దేరింది, డాక్టర్ మమ్మల్ని మోసం చేయకుండా చూసుకోవడానికి. ఆయన నా చెయ్యి లేపించి చూశాడు. మొదటిసారి కంటే తక్కువ లేచింది.

“వ్యాయామాలు చేస్తున్నారా?”

“రోజు చేస్తుంది సార్” మా ఆయన గర్వంగా అందుకున్నాడు. “పొద్దుగాల పది, రాత్రి పది రొట్టెలు.”

డాక్టర్ కలం కింద పెట్టాడు. ఆయన ముఖం చూసి మా ఆయన చెయ్యి నా కుర్చీ మీద నుంచి తీసేశాడు. చిరుగు పెరిగినట్టుందని, ఇక ఆలస్యం మంచిది కాదని డాక్టర్ చెప్పాడు. కుట్టకుండా వదిలేస్తే కండ ఎండిపోయి కొవ్వుగా మారుతుందట. అప్పుడు కుట్టాలన్నా కుట్టు నిలవదట.

“చేస్తం సార్. అల్లం తవ్వుడు ఒక్కటి అయిపోయిందంటె...” అని మొదలుపెట్టాడు మా ఆయన.

“నువ్వు ఊకో” అంది అత్తమ్మ. కొంగు తీసి, కుడిచెయ్యి ముందుకు చాచింది. ఛాతీ దాకా కూడా రాలేదు. “సారూ, మరి గిది?”

డాక్టర్ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. ఆమె భుజం వెనక వేళ్లతో తడిమాడు. అక్కడ కండ ఉండాల్సిన చోట గుంట ఉంది. పాతికేళ్లు ఆ వెనకే నిలబడి తల దువ్విన నేను కూడా దాన్ని చూడలేదు.

“ఎన్నేళ్లయిందమ్మా?”

“వీడు కడుపుల ఉన్నప్పుడు.”

వీడికి యాభై రెండేళ్లు. వీడు అప్పుడు తల్లి చేతి వంక చూశాడు.

“ఇప్పుడు కుట్టడానికి అక్కడేం మిగల్లేదమ్మా” అన్నాడు డాక్టర్ మెల్లగా.

“ముందుగాల్నే వస్తే అయ్యేదా?”

ఆయన తిరిగి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. “ముందే వస్తే ఏదో ఒకటి చేసేవాళ్లం” అన్నాడు.

అత్తమ్మ తలాడించింది. ఎడమచేత్తో కుడిచెయ్యిని ఎత్తి, ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పింది. నాకు ఏడుపొచ్చింది. పహిల్వాన్ తిప్పినప్పుడు కూడా ఇట్లా రాలేదు. ఆమె నా వైపు చూడలేదు, కొడుకు వైపు తిరిగింది.

“అల్లం భూమిల ఉంటది. యాడికి పోదు” అంది. “సారూ, కోడలికి తారీఖు రాయి.”

డాక్టర్ కలం తీసుకుని, అత్తమ్మను కాదు, నన్ను అడిగాడు. వచ్చే సోమవారం సరేనా అని.

సరే అన్నాను.