అంబులెన్స్ అంటే

డెబ్బైల చివర్లో, కాలేజీ సెలవులకి నేను ఇంట్లో ఉండగా నాన్నగారికి గుండెనొప్పి వచ్చింది. మా ఊరు మలికిపురం దాటాక, కాలవకి అవతలి గట్టున. అన్నయ్య కొబ్బరికాయల వ్యాపారి ఇంటికి పరిగెత్తి, అక్కడి ఫోన్లో రాజోలు ఆసుపత్రికి కబురు చెప్పాడు. అంబులెన్స్ వచ్చింది గానీ, కాలవ మీదున్నది చెక్కవంతెన. సైకిళ్లు తప్ప బండ్లు ఎక్కే వీల్లేదు. అది రోడ్డు మీదే ఆగిపోయింది.

నాన్నగారిని నవారు మంచం మీదే మోసుకెళ్లారు. నేను ఎండ తగలకుండా గొడుగు పట్టి పక్కన నడిచాను. వంతెన దాటేసరికి ఆయన చెయ్యి జారి మంచం పక్కకి వేలాడుతోంది. డ్రైవరు నాడి చూసి, "లాభం లేదమ్మా, ఇంటికి తీసికెళ్లిపోండి" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. బండి మీది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదువుతూ నిలబడ్డాను. అన్నయ్య పిలిచినా వినిపించలేదట.

సమాధి చేసిన మర్నాడు, నాన్నగారితో కలిసి పనిచేసిన ఇంగ్లీషు మాస్టారు పలకరించడానికి వచ్చారు. యానాంలో ఫ్రెంచివాళ్లుండగా అక్కడి బళ్లో చదువుకున్న మనిషి. అమ్మ ఎదురుగా కూర్చుని, ఏమనాలో తెలియక కండువా అంచు మడతపెడుతున్నారు.

"మాస్టారూ, అంబులెన్స్ అంటే అర్థం ఏంటండీ?" అని అడిగాను.

అమ్మ నావైపు చూసింది. ఆయన మాత్రం, చెప్పగలిగే మాట ఒకటి దొరికినట్టు తలెత్తారు.

"ఫ్రెంచి మాటమ్మా. మూలం లాటిన్లో ఉంది, నడవడం అని. యుద్ధాల్లో డేరాలూ మందులూ సర్దుకుని సైన్యం వెనకాలే ఓ ఆసుపత్రి కదిలేది. దాన్ని నడిచే ఆసుపత్రి అనేవారు. రానురాను ఆసుపత్రి అన్న ముక్క పోయింది, నడక ఒక్కటే మిగిలింది. ఇంగ్లీషువాళ్లు ఆ మాట తీసుకుని, తర్వాత రోగుల్ని మోసే బండికి పెట్టేరు."

"నడిచేదా అండీ?" అంది అమ్మ.

"ఆయ్, నడిచేదేనండి."

"మరి అక్కడే ఆగిపోయిందేంటండీ?"

కోపంతో అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. మాస్టారు మడతపెట్టిన కండువా విప్పి భుజాన వేసుకున్నారు. వస్తానని లేచారు. అమ్మ ఆయన తాగిన కాఫీ గ్లాసు కడిగింది.

సెలవులయ్యాక హాస్టలుకి వెళ్లాను. పరీక్షలు రాశాను, పాసయ్యాను. ఏడుపు ఎప్పుడో తర్వాత, అమలాపురం బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉండగా వచ్చింది. కారణమేమీ లేదు. బల్ల మీద కూర్చున్న ఒకావిడ కొంచెం జరిగి, నాకు చోటిచ్చింది.